కొండ పరుగు నేర్పే సంస్కారం

క్రీడ అనగానే మన మనస్సులో మెదలేది పోటీ. పోటీ అనగానే గెలుపు, గెలుపు అనగానే కప్పు, కప్పు అనగానే ఛాయాచిత్రం. ఈ వరుసలో ఓడినవానికి చోటు లేదు. గెలిచినవానికి తోడ్పడినవానికి అసలే లేదు. క్రీడల వలన సౌభ్రాతృత్వం పెంపొందుతుందని ప్రతి వార్షికోత్సవంలోనూ వేదికల మీద నుండి వింటూనే ఉన్నాం. కాని ఆ సౌభ్రాతృత్వాన్ని క్రీడా నియమాలలోనే ఇమిడ్చి పెట్టవచ్చునని మనం ఆలోచించినట్లు కనపడదు. అటువంటి ఏర్పాటు సాధ్యమేనా అని సందేహించేవారి కోసం, ఇంగ్లండు ఉత్తర భాగంలోని కొండలలో తరతరాలుగా సాగుతున్న ఒక క్రీడను ఇక్కడ పరిచయం చేయదలచాము. పరిచయంతో ఆగక, దాని నుండి మన కళాశాల గ్రహించదగినది ఏమిటో మా అభిప్రాయంగా విన్నవించదలచాము.

ఆ క్రీడను అక్కడివారు ఫెల్ రన్నింగ్ అంటారు. ‘ఫెల్’ అంటే ఉత్తర ఇంగ్లండు వాడుకలో కొండ. సుమారు వెయ్యి సంవత్సరాల క్రిందట స్కాండినేవియా ప్రాంతం నుండి వచ్చి ఆ లోయలలో స్థిరపడినవారి భాష మిగిల్చిపోయిన మాట అది. అటువంటి కొండలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి కంబ్రియాలోని లేక్ డిస్ట్రిక్ట్ కొండలు. వాటి కొలతలు చూచి మనవారు నవ్వవచ్చు. ఇంగ్లండు మొత్తం మీద ఎత్తైన స్కాఫెల్ పైక్ శిఖరం 978 మీటర్లు మాత్రమే. హెల్వెలిన్ 950 మీటర్లు, స్కిడా 931 మీటర్లు. మన తూర్పు కనుమలలోనే 1,600 మీటర్లు దాటిన శిఖరాలు ఉన్నాయి. కాని దూరపు కొండలు నునుపు అన్న సామెత ఊరకే పుట్టలేదు. ఆ కొండల నడుమ ఉన్న సీత్‌వెయిట్ అనే పల్లెలో సంవత్సరానికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఎండకాలంలో సైతం గడియలో మంచు కమ్మి పది అడుగుల దూరం కనపడదు. కాలి క్రింద కదిలే రాళ్లు, మోకాలి లోతు బురద, నిలువునా వాలు. అక్కడ నడవడమే కష్టం. ఆ క్రీడలో పరుగెత్తాలి.

పోటీ జరిగే తీరు తెలిస్తే గాని దాని స్వభావం అర్థం కాదు. పోటీలను ఎక్కుడును బట్టి ఎ, బి, సి తరగతులుగా విభజిస్తారు. ఎ తరగతి అనిపించుకోవాలంటే ప్రతి కిలోమీటరుకు సగటున కనీసం 50 మీటర్లు పైకి ఎక్కాలి. 20 కిలోమీటర్లు, అంతకు మించిన దూరమైతే దీర్ఘ పోటీ. చాలా పోటీలలో దారి గీసి ఉండదు. ఏయే శిఖరాలు తాకిరావాలో చెబుతారు. వాటి మధ్య ఏ దారిన పోవాలో పందెగాడే నిర్ణయించుకోవాలి. కావున కాళ్ల బలంతో పాటు కొండను చదవగల తెలివి కూడ కావాలి. పటం, దిక్సూచి, ఈల, ఒళ్లంతా కప్పే వాన దుస్తులు, టోపీ, చేతి తొడుగులు, అత్యవసరానికి కొంత ఆహారం వెంట ఉంచుకోవాలనడం ఈ క్రీడలో పాతుకున్న నియమం. మరొక నియమం మాకు ఎంతో విలువైనదిగా తోచింది. మధ్యలో పోటీ విరమించినవాడు నేరుగా ఇంటికి పోరాదు. ముగింపు స్థలానికి వచ్చి తాను క్షేమమని చెప్పి తీరాలి. చివరి మనిషి లెక్క తేలేవరకు నిర్వాహకుల పని పూర్తి కాదు. మొదట వచ్చినవాని కాలాన్ని ఎంత శ్రద్ధగా వ్రాస్తారో, కడపట వచ్చేవాని కోసం అంత శ్రద్ధగా కనిపెట్టుకొని ఉంటారు.

ఈ క్రీడ రాచనగరులలో పుట్టలేదు, విశ్వవిద్యాలయాలలో పుట్టలేదు. గొర్రెల కాపరులు, రాతి గనుల కూలీలు, కొండ చూపించే మార్గదర్శకులు తమ ఊరి సంతలలో, తిరునాళ్లలో పందెం వేసుకొని ఎదుటి కొండ ఎక్కి దిగడంతో ఇది మొదలైంది. గ్రాస్మియర్ గ్రామంలో జరిగే మార్గదర్శకుల పందెం 1868 నాటిది. మన పల్లెలలో సంక్రాంతికి బండ లాగుడు పోటీలు, మొహర్రం పీరుల పండుగకు కర్రసాము ఎలా ఊరి శ్రమ నుండి పుట్టాయో, ఇది కూడ అలాగే పుట్టింది. తప్పిపోయిన గొర్రె కోసం రోజూ కొండ ఎక్కేవాడు ఒకనాడు పందెం కోసం ఎక్కాడు, అంతే భేదం.

ఈ క్రీడకు ఒక పురాణ పురుషుడు ఉన్నాడంటే అతడు బాబ్ గ్రాహం. కెస్విక్ పట్టణంలో అతిథిగృహం నడుపుకొనే సామాన్యుడు. 1932 జూన్ 13, 14 తేదీలలో అతడు 24 గంటల లోపల 42 శిఖరాలు ఎక్కి దిగి, బయలుదేరిన మూట్ హాల్ అనే పాత భవనం వద్దకే తిరిగి వచ్చాడు. పట్టిన కాలం 23 గంటల 39 నిమిషాలు. దూరం సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎక్కుడంతా కలిపితే సుమారు 8,200 మీటర్లు, అనగా ఎవరెస్టు ఎత్తుకు చేరువ. అంతకు ముందు ఒకసారి ప్రయత్నించి విఫలుడైనవాడే అతడు. కాళ్లకు మామూలు టెన్నిసు బూట్లు వేసుకున్నాడు. బూట్లు అరిగిపోకుండా ఉండడానికి ముందుగా ఆ కొండలన్నిటినీ వట్టి కాళ్లతో నడచి దారి నేర్చుకున్నాడని అక్కడివారు చెప్పుకుంటారు. పరుగు నాడు మిత్రులు వంతుల వారీగా వెంట నడిచారు. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాము.

అదే 1932వ సంవత్సరం, ఏప్రిల్ 24న, ఇంకొంత దక్షిణాన డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీద మరొక సంఘటన జరిగింది. అక్కడి కొండ ప్రాంతాలు అధిక భాగం ప్రభువుల వేట భూములు. సామాన్యుడు కాలు పెడితే కావలివారు తరిమేవారు. మాంచెస్టర్ పరిసరాల కార్మిక యువకులు కొన్ని వందల మంది కలిసి, కొండ మీద నడవడం మా హక్కు అంటూ ఆ భూమిలో ప్రవేశించారు. వారికి నాయకుడు 20 ఏండ్ల బెన్నీ రోత్‌మన్. రుమేనియా నుండి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టినవాడు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. కాని ఆ నడక వృథా కాలేదు. 1949లో జాతీయ వనాల చట్టం వచ్చింది. లేక్ డిస్ట్రిక్ట్ 1951లో జాతీయ వనమైంది. 2000లో వచ్చిన చట్టం ఇంగ్లండు, వేల్సులలోని బహిరంగ కొండ భూములలో ప్రజలకు నడిచే హక్కు ఇచ్చింది. 1932 నాటి భూస్వామి మనుమడు 2002లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఒక అల్పసంఖ్యాక కుటుంబపు యువకుడు ముందు నిలిచి నడిపించిన ఉద్యమ ఫలం ఈనాడు అందరిదీ అయింది. మన వంటి కళాశాల విద్యార్థులు ఈ విషయం తెలుసుకొని ఉండడం అవసరమని మా నమ్మకం.

బాబ్ గ్రాహం విషయానికి వస్తే, అతడు చేసిన పనిని తరువాత 28 సంవత్సరాల పాటు ఎవరూ చేయలేకపోయారు. 1960లో ఆలన్ హీటన్ అనే అతడు 22 గంటల 18 నిమిషాలలో అదే చుట్టు పూర్తి చేశాడు. 1971లో ఆ చుట్టు పూర్తి చేసినవారి కోసం ఒక సంఘం ఏర్పడింది. ఇప్పటికి రెండు వేల మందికి పైగా అందులో చేరారు. ఆ సంఘంలో చేరడానికి ప్రవేశ రుసుము కంటే, కుల గోత్రాల కంటే, ధనం కంటే ముఖ్యమైన నియమం ఒకటున్నది. 42 శిఖరాలలో ప్రతి ఒక్కదాని మీదా కనీసం ఒక తోడు మనిషి వెంట ఉండి, ఫలానావాడు ఫలానా వేళకు ఇక్కడికి చేరాడని సాక్ష్యం చెప్పాలి. ఉర్దూలో గవాహీ అంటామే, అది కావాలి. ఎంత వేగంగా పరుగెత్తినా, ఒంటరిగా పరుగెత్తినవాని పేరు ఆ పట్టికలోకి ఎక్కదు.

ఈ నియమాన్ని మోసం అరికట్టడానికి పెట్టినదిగా మాత్రమే చూస్తే దాని లోతు అందదు. ఆ చుట్టు ఐదు భాగాలుగా ఉంటుంది. నాలుగు చోట్ల రోడ్డు దాటుతుంది. ప్రతి భాగంలోనూ కొందరు మిత్రులు వెంట వెళ్తారు. నీళ్లు, ఆహారం మోస్తారు. చీకటిలో దారి చూపిస్తారు. రోడ్డు దాటే చోట మరికొందరు వేడి ద్రవాలు సిద్ధం చేసుకొని అర్ధరాత్రి వానలో నిలబడి ఉంటారు. వీరికి జీతం లేదు, పతకం లేదు. ఈ సంవత్సరం చుట్టు పూర్తి చేసినవాడు మరుసటి సంవత్సరం మరొకరి సంచి మోయడం అక్కడి ఆచారం. చెల్లింపు ఋణదాతకే చేయాలన్న నియమం లేదు. ముందువాని ఋణం వెనుకవానికి తీర్చడం అక్కడి పద్ధతి. మన పెద్దలు గురువుల ఋణం శిష్యులకు విద్య చెప్పి తీర్చుకోవాలన్నారు గదా, ఇది ఆ కోవకు చెందినదే. ఉర్దూలో హమ్‌సఫర్ అనే చక్కని పదమున్నది. ప్రయాణంలో తోడున్నవాడు అని దాని అర్థం. ఆ క్రీడలో హమ్‌సఫర్ లేనివాడు విజేత కాలేడు.

ఈ సంస్కారం ఎంత లోతుగా పాతుకున్నదో ఒక్క ఉదాహరణ చాలును. 1982లో బిల్లీ బ్లాండ్ అనే రాతి పనివాడు ఆ చుట్టును 13 గంటల 53 నిమిషాలలో పూర్తి చేశాడు. ఆ రికార్డు 36 సంవత్సరాలు నిలిచింది. 2018 జూలైలో స్పెయిన్ దేశీయుడు, ప్రపంచ ప్రఖ్యాతుడు కిలియన్ జోర్నెట్ వచ్చి 12 గంటల 52 నిమిషాలలో ముగించి ఆ రికార్డును చెరిపివేశాడు. అతనికి దారి చూపుతూ వెంట పరుగెత్తినవారు స్థానికులే. తమ ప్రాంతపు వీరుని రికార్డును విదేశీయుడు చెరపడానికి తామే తోడు వెళ్లారు. మూట్ హాల్ మెట్ల దగ్గర అతనిని ఆహ్వానించినవారిలో 70 ఏండ్ల బిల్లీ బ్లాండ్ స్వయంగా ఉన్నాడు. తన పేరును చెరిపినవానితో కరచాలనం చేయడానికి వచ్చి నిలబడిన ఆ వృద్ధుని ఔదార్యం ఏ కప్పుకూ తీసిపోదు. 2022లో అమెరికా యువకుడు జాక్ కూన్జల్ దానిని 12 గంటల 23 నిమిషాలకు తగ్గించాడు. రికార్డులు ఇలా చెరుగుతూనే ఉంటాయి. ఆహ్వానించే అలవాటు చెరగకపోవడమే ముఖ్యం.

జాస్ నేలర్ జీవితం మరొక పాఠం. వాస్‌డేల్ లోయలో గొర్రెలు పెంచుకొనే రైతు. 1936లో పుట్టి 2024లో కన్నుమూశాడు. చిన్ననాటి నుండి వెన్ను నొప్పి. దానికి శస్త్రచికిత్స కూడ జరిగింది. ఆటలకు పనికిరాని బాలుడుగా పెరిగినవాడు. 1960లో తన లోయలోనే జరిగిన కొండ పోటీలో పొలం బూట్లతోనే పాల్గొన్నాడు. 1975లో 24 గంటల లోపల 72 శిఖరాలు ఎక్కాడు. 1986లో, 50 ఏండ్ల వయస్సులో, ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ అనే పట్టణ కోశాధికారి తన ఏడు సంపుటాలలో వర్ణించిన 214 కొండలనూ 7 రోజుల 1 గంట 25 నిమిషాలలో చుట్టి వచ్చాడు. 60వ ఏట 60 శిఖరాలు, 70వ ఏట 70 శిఖరాలు ఎక్కాడు. ఇంత చేసినవాడు చివరివరకు రైతుగానే బ్రతికాడు. 50 ఏండ్లు దాటినవారి కోసం అతని పేరిట 30 శిఖరాల చుట్టు ఒకటి ఏర్పాటైంది. పాల్గొనేవారు సత్కార్యాలకు విరాళాలు పోగుచేయాలనడం దాని సంప్రదాయం. అది ముగిసే వంతెన వద్ద ఆ వృద్ధ రైతు స్వయంగా నిలబడి వచ్చినవారిని పలకరించేవాడు. వయస్సు మళ్లినవారికి క్రీడ అక్కరలేదన్న మన భావనకు ఇంతకు మించిన సమాధానం ఉండబోదు.

ఇంతవరకు మెచ్చుకున్నాం. లోపాలు చెప్పకపోతే అది అభిప్రాయం కాదు, స్తోత్రం అవుతుంది. ఈ క్రీడ చిరకాలం స్త్రీలను దూరంగా ఉంచింది. 1955లో స్కాట్లండులోని 1,345 మీటర్ల బెన్ నెవిస్ పోటీలో పాల్గొనడానికి కాథ్లీన్ కనాకీ అనే 16 ఏండ్ల బాలికకు అధికారికంగా అనుమతి దొరకలేదు. ఆమె అనధికారికంగానే పరుగెత్తి పూర్తి చేసింది. బాబ్ గ్రాహం చుట్టును మొదటిసారి ఒక స్త్రీ, జీన్ డాస్, పూర్తి చేసేటప్పటికి 1977 వచ్చింది. తలుపులు తెరచిన తరువాత ఏం జరిగిందో చూడండి. రొమ్ము క్యాన్సరును ఎదుర్కొన్న రైతు మహిళ నికీ స్పింక్స్ 2016లో ఆ చుట్టును వెనువెంటనే రెండుసార్లు, 84 శిఖరాలు, 45 గంటల 30 నిమిషాలలో పూర్తి చేసింది. పశువైద్యురాలు జాస్మిన్ పారిస్ 2019లో 268 మైళ్ల స్పైన్ పోటీలో స్త్రీ పురుషులందరికంటె ముందు వచ్చింది. చంటిబిడ్డ తల్లి అయిన ఆమె విరామ స్థలాలలో పాలు పిండి భద్రపరుస్తూ ఆ పోటీ పూర్తి చేసింది. 2021లో సబ్రీనా వర్జీ 214 కొండల చుట్టును ఆరు రోజుల లోపల ముగించి, అంతకు ముందు పురుషుల పేరిట ఉన్న రికార్డును అధిగమించింది. ఇంతటి శక్తిని ఎన్ని తరాలు గడప దాటనీయలేదో తలచుకుంటే బాధ కలుగుతుంది.

రెండవ లోపం ధనానికి సంబంధించినది. గ్రాస్మియర్ వంటి చోట్ల నగదు బహుమతి పుచ్చుకొన్న కాపరి వృత్తి పందెగాడైపోయేవాడు. అతనికి ఔత్సాహికుల పోటీలలో ప్రవేశం లేదు. బహుమతి కొన్ని పౌండ్లే అయినా నిషేధం మాత్రం సంపూర్ణం. డబ్బు అవసరం లేనివారు చేసిన నియమం, డబ్బు అవసరమైనవారిని వెలివేసింది. ఒకే లోయలో ఒకే కొండ ఎక్కే ఇద్దరు, జీవితమంతా ఒకరితో ఒకరు పోటీ పడలేకపోయారు. తోటమాలి అయిన కెన్నీ స్టూయర్ట్ వృత్తి పందేల నుండి 1980ల ఆరంభంలో ఔత్సాహిక రంగానికి రాగలిగాడు. 1984లో బెన్ నెవిస్‌ను ఎక్కి దిగడానికి అతనికి పట్టింది 1 గంట 25 నిమిషాల 34 సెకన్లు మాత్రమే. తలుపు తీయకపోయి ఉంటే ఆ పరుగు చరిత్రలో ఉండేది కాదు.

మూడవ ఆక్షేపణ ప్రమాదం. ఆ కొండల మీద చలికి ప్రాణాలు కోల్పోయినవారు లేకపోలేదు. ఇది సాహసమా, మూర్ఖత్వమా అని అడిగేవారు అక్కడ కూడ ఉన్నారు. 2008 అక్టోబరులో బోరోడేల్ లోయలో జరిగిన రెండు రోజుల కొండ మారథాన్ దీనికి సమాధానం చెబుతుంది. తుఫాను విరుచుకుపడింది. వాగులు పొంగాయి. మొదటి రోజునే పోటీ రద్దు చేశారు. సుమారు 1,700 మంది జాడ తెలియదని వార్తా సంస్థలు ఘోషించాయి. దేశమంతా హడలిపోయింది. తెల్లవారేసరికి వారిలో అత్యధికులు తమంత తామే క్రిందికి దిగి వచ్చారు. ప్రతివారి సంచిలో డేరా ఉన్నది, పడక సంచి ఉన్నది, ఆహారం ఉన్నది. జంటలుగానే పాల్గొనాలన్న నియమం వలన ఎవరూ ఒంటరిగా లేరు. కొందరు పొలాల కొట్టాలలో, కొందరు హానిస్టర్ పలకరాతి గనిలో తలదాచుకున్నారు. వారిని కాపాడింది అదృష్టం కాదు, ముందుజాగ్రత్త, తోడు మనిషి. కొండల మీద చిక్కుకొన్నవారిని వెదకి తెచ్చే రక్షణ దళాలు కూడ ఆ దేశంలో జీతం లేని స్వచ్ఛంద సేవకులవే. వడ్రంగి, ఉపాధ్యాయుడు, వైద్యుడు అర్ధరాత్రి పిలుపు వస్తే పక్క మీద నుండి లేచి పోతారు.

ఇక కొండ ఎవరిదన్న ప్రశ్న ఒకటున్నది. ఆ కొండల మీద మేసే హెర్డ్‌విక్ గొర్రెలకు కంచెలు అక్కరలేదు. తల్లి వెంట తిరిగి పిల్ల తన మేతస్థలాన్ని గుర్తు పెట్టుకుంటుంది. 2001లో గాలికుంటు వ్యాధి వ్యాపించినప్పుడు కంబ్రియా అందరికంటె ఎక్కువగా దెబ్బతిన్నది. తరతరాల మందలు చితిపాలైనాయి. కొండ దారులు మూతపడ్డాయి, పోటీలు రద్దయ్యాయి. కొండ మీద నడిచే హక్కు కోసం ఒక తరం జైలుకు పోగా, రైతు మందను కాపాడడానికి మరొక తరం ఆ హక్కును కొంతకాలం ప్రక్కన పెట్టింది. హక్కు, నిగ్రహం ఒకే నాణేనికి రెండు ముఖాలని ఇంతకంటె స్పష్టంగా చెప్పగలమా?

నేడు ఆ సంస్కారానికి పరీక్ష వచ్చింది. కొండ పరుగు పేరు ప్రపంచమంతా పాకింది. ఖరీదైన బూట్లు, వ్యాపార సంస్థల ప్రాపకం, భారీ ప్రవేశ రుసుము గల పోటీలు బయలుదేరాయి. చేతి గడియారమే దారి చూపుతున్నది, ఉపగ్రహమే సాక్ష్యం చెబుతున్నది. అలాంటప్పుడు తోడు మనిషి ఎందుకు అని అడిగేవారు కలుగుతారు. మా సమాధానం ఇది. యంత్రం సాక్ష్యం చెప్పగలదు, సంచి మోయలేదు. ఎక్కడ ఉన్నాడో చెప్పగలదు, ఎలా ఉన్నాడో అడగలేదు. సాక్ష్యం కోసం మనిషిని పెట్టినది కేవలం నిజం తేల్చడానికే అయితే యంత్రం చాలును. గెలుపులో మరొకరికి పాలు ఉండాలన్న ఉద్దేశమైతే యంత్రం ఎన్నటికీ చాలదు.

ఇదంతా మనకెందుకు, మనకు ఆ వానలూ లేవు, ఆ కొండలూ లేవు అని కొందరనవచ్చు. కొండలు లేవన్న మాట నిజం కాదు. భువనగిరి రాతికొండ మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని, 2014 మే 25న, 13 ఏండ్ల వయస్సులో ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆమెతో పాటు ఆ యాత్రలో శిఖరం చేరిన మరొక విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్. పేదరికం ఎక్కుడుకు అడ్డు కాదని ఆ ఇద్దరు పిల్లలు నిరూపించారు. అయినా మేము కోరుతున్నది కొండలు కాదు. కొండల మీద పెరిగిన ఆ పద్ధతిని కోరుతున్నాము. దానికి కావలసింది నేల, మనుషులు. ఆ రెండూ మనకున్నాయి.

కావున కళాశాల సంఘం వారికి కొన్ని సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాము. మొదటిది, వార్షిక క్రీడోత్సవంలో ఒక దీర్ఘ పరుగును జంటల పరుగుగా నిర్వహించాలి. ఒక పాత విద్యార్థి, ఒక కొత్త విద్యార్థి కలిసి పరుగెత్తాలి. ఇద్దరిలో వెనుక వచ్చినవాని కాలమే జంట కాలంగా లెక్కించాలి. రెండవది, విజేత పేరు ప్రక్కన అతనికి తోడ్పడినవారి పేర్లు కూడ పత్రికలో అచ్చు వేయాలి. మూడవది, చివరివారు గీత దాటేవరకు సభాధ్యక్షులు, అధ్యాపకులు, విద్యార్థులు మైదానం విడువరాదు. నాలుగవది, విద్యార్థినులకు అదే దూరం, అదే గౌరవం ఉండాలి. వారి సౌకర్యానికి, సంప్రదాయానికి తగిన దుస్తులలో పరుగెత్తే స్వేచ్ఛ ఉండాలి. ఐదవది, మన ఎండలకు తగినట్లు సూర్యోదయ వేళనే పరుగు ముగించి, ప్రతి కిలోమీటరుకు నీళ్లు, ప్రథమ చికిత్స ఏర్పాటు చేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కప్పులకు అయ్యే వ్యయంలో కొంత తగ్గించినా సరిపోతుంది.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. మన కళాశాలలో చాలామంది తమ కుటుంబంలో మొట్టమొదట పట్టభద్రులు కాబోయేవారు. కొందరు ఇంట ఉర్దూ మాట్లాడి తరగతిలో తెలుగు వ్రాస్తారు, కొందరు తెలుగు పలుకుతూ ఉర్దూ మిత్రుల ప్రక్కన కూర్చుంటారు. పరీక్ష అనే కొండను అందరూ ఎక్కవలసిందే. ఆ ఎక్కుడులో ముందున్నవాడు వెనుకవానికి తన నోటు పుస్తకం ఇవ్వడం, అర్థం కాని పాఠం తన భాషలో చెప్పడం, రుసుము కట్టలేనివానికి దారి చూపడం, ఇవే మనకు సంచి మోయడాలు. బాబ్ గ్రాహం వెంట నడిచిన మిత్రుల పేర్లు ఎక్కువమందికి తెలియవు. వారు లేకపోతే అతని పేరు కూడ తెలిసేది కాదు. మన పట్టా మీద ఒక్కరి పేరే ఉంటుంది. దాని వెనుక ఎందరి గవాహీ ఉన్నదో గుర్తుంచుకొని, వచ్చే సంవత్సరం మరొకరికి తోడు నడవగలిగితే ఈ కళాశాలలో మనం చదివిన చదువు సార్థకమైనట్లే.